పాలకేంద్రం గోడ మీద పత్రిక: ఒక కేస్ స్టడీ

2022 సెప్టెంబర్‌లో ఒక మధ్యాహ్నం మా డిపార్ట్‌మెంటు గదిలోకి పదకొండు మంది పిల్లలు వచ్చి నాకు మొట్టమొదట చూపించింది వార్త కాదు, మైకుకు తొడిగే లోగో. నాలుగు పలకల డబ్బా, నాలుగు వైపులా మెరిసే స్టిక్కర్. ఫ్లెక్సీ షాపులో 650 రూపాయలకు చేయించారట. యూట్యూబ్ ఛానెల్‌కి పేరు అనుకున్నారు, మొదట్లో వచ్చే మ్యూజిక్ సిద్ధం, వాట్సాప్ గ్రూపు డీపీ కూడా మారిపోయింది. "వార్త ఏదిరా?" అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో నేను జర్నలిజం చెప్పే గెస్ట్ లెక్చరర్‌ని. అంతకుముందు ఇరవై ఏళ్లు ఒక దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. ఈ పిల్లలు పెట్టిన చిన్న పత్రిక దాదాపు రెండేళ్లు ఎలా నడిచింది, ఎక్కడ బోల్తా పడింది, ఇప్పుడు ఏం మిగిలింది అన్నది రాసిపెడుతున్నాను. ఇలాంటి ప్రయత్నం చేయాలనుకునే లెక్చరర్లు, పిల్లలు ఫోన్ చేసి అడుగుతుంటారు, ప్రతిసారీ అదే కథ చెప్పలేక. పత్రిక పేరు, ఊళ్ల పేర్లు చెప్పను. అందులో ఉన్నవాళ్లు ఇంకా అక్కడే బతకాలి.

మొదలు ఎక్కడంటే

లోగో సంగతి పక్కన పెడితే, వాళ్లను నా దగ్గరికి తెచ్చింది వేసవిలో చేసిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదివేవాళ్లందరికీ ఇది తెలిసిందే. మొదటి ఏడాది అయ్యాక ఒక ఊరు ఎంచుకుని, ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసి, రికార్డు రాసి ఇవ్వాలి. చాలామంది సొంత ఊరినే ఎంచుకుంటారు, భోజనం ఖర్చు ఉండదు కాబట్టి. రికార్డులు స్పైరల్ బైండింగ్ చేయించుకుని వస్తాయి, మార్కులు పడతాయి, తర్వాత బీరువాలోకి వెళ్తాయి. మా బీరువాలో అడుగు అర ఖాళీ లేదు.

వాళ్లలో ఒక బీఏ అమ్మాయి చెప్పిన మాట నాకు గుచ్చుకుంది. దసరా సెలవుల ముందు ఊరికి వెళ్తే పక్కింటి అవ్వ అడిగిందట: "ఎండాకాలం వచ్చి మా ఇంట్లో బోరు ఎన్నడు ఎండిపోయిందీ, ఎంత అప్పుందీ అన్నీ రాసుకుని పోతివి గదా పాపా. ఏం రాసినావో ఒకసారి సదివి సూపీ." ఈ పిల్ల దగ్గర చదవడానికి ఏమీ లేదు. రికార్డు నా బీరువాలో ఉంది.

నేను ఆ రోజు బీరువా తెరిచి ఆ రికార్డు తీసి ఇచ్చాను. తీసుకెళ్లి అవ్వకు చదివి వినిపించు, అదే మీ మొదటి సంచిక అన్నాను. ఛానెల్ అనుకున్నవాళ్లకు ఇది రుచించలేదు. ఇద్దరు అక్కడే తప్పుకున్నారు. లోగో కూడా వాళ్లతోనే వెళ్లింది, ఎందుకంటే డబ్బులు పెట్టింది వాళ్లే.

గోడే ఎందుకు

మిగిలిన తొమ్మిది మందివి ఐదు ఊళ్లు. ఇద్దరి ఊళ్లు ఆ ఏడాది ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. ఇలాంటి అంచు ఊళ్ల పరిస్థితి డెస్కులో పనిచేసినవాడిగా నాకు తెలుసు. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక తెలుగు పత్రికల్లో మండలం మండలానికీ విలేకరి వచ్చాడు, మా ఊరి పేరు పేపర్లో పడింది అనే సంబరం ఊరూరా చేరింది. మంచిదే. కానీ ఆ మండల కంట్రిబ్యూటర్ బతుకు ఎవరికీ కనపడదు. రాసిన లైన్లకు లెక్క కట్టి ఇచ్చే డబ్బు పెట్రోలుకు కూడా చాలదు. పైగా పండగలకు, నాయకుల పుట్టినరోజులకు యాడ్‌లు తేవాలి. యాడ్ ఇచ్చిన సర్పంచ్ ఊళ్లో నీళ్ల ట్యాంకు గురించి ఆయన ఏం రాయగలడు? నేనే ఎన్నోసార్లు అలాంటి ఐటెమ్‌ను "స్థలం లేదు" అని పక్కన పడేశాను. ఇది ఆయన తప్పని నేను అనుకోను.

రేడియో గురించి కూడా మాట్లాడుకున్నాం. జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు 2008 అక్టోబర్ నుంచి నడుపుతున్న సంఘం రేడియో గురించి క్లాసులో చెప్పినప్పుడు పిల్లల కళ్లు మెరిశాయి. అయితే కమ్యూనిటీ రేడియో లైసెన్సు విద్యార్థుల గుంపుకు రాదు, సంస్థకే వస్తుంది. వచ్చినా సొంతంగా వార్తలు ప్రసారం చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. పంట గురించీ ఆరోగ్యం గురించీ పాట గురించీ మాట్లాడొచ్చు, పంచాయతీ బిల్లు గురించి వార్త చదవకూడదు. మాకు కావాల్సిందేమో ఆ బిల్లే.

ముద్రించి పంచే పత్రిక అంటే రిజిస్ట్రేషన్, ప్రచురణకర్త, చిరునామా, ప్రెస్సు బిల్లు. వీటిలో దేనికీ మా దగ్గర జవాబు లేదు. చివరికి పాత పద్ధతికే వచ్చాం. గోడ పత్రిక. లిఖిత పత్రికలు, గోడ పత్రికలు మన కాలేజీలకు కొత్తేమీ కాదు, నా తరం వాళ్లంతా కవిత్వం మొదట అక్కడే రాశారు. పైగా ఇది అనంతపురం. పప్పూరు రామాచార్యులు 1926లో ఇక్కడి నుంచే శ్రీసాధన పత్రిక పెట్టారు. చిన్న ఊరి నుంచి పత్రికేంటి అని ఆయన్ను కూడా అడిగే ఉంటారు.

ఎక్కడ అంటించాలి అన్నదాని మీద వారం రోజులు వాదన. గ్రామ సచివాలయం గోడ వద్దు, అది ప్రభుత్వానిది, అడ్డం వస్తే చింపడానికి వాళ్లకు హక్కు ఉంటుంది. గుడి గోడ వద్దు, ఎవరు రాగలరు, ఎవరు రాలేరు అనే ప్రశ్న వస్తుంది. టీ కొట్టు అంటే ఆడవాళ్లు నిలబడి చదవరు. ఆ బీఏ అమ్మాయే పాలకేంద్రం అంది. పొద్దున, సాయంత్రం ఆడా మగా క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడతారు. వెన్న శాతం చూసి రాసేదాకా పది పదిహేను నిమిషాలు చేతులకు పనుండదు, కళ్లకూ ఉండదు. దీనికంటే మంచి సర్క్యులేషన్ మేనేజర్ నాకు ఇరవై ఏళ్లలో తగల్లేదు.

పద్ధతి ఇది. పదిహేను రోజులకోసారి హాస్టల్ పిల్లలు ఇళ్లకు వెళ్తారు, అదే మా సంచిక గడువు. చార్టు పేపరు, రెండు రంగుల స్కెచ్ పెన్నులు. ఐదు ఊళ్లకు ఐదు చార్టులు, అన్నీ చేతిరాతే. సగం అన్ని ఊళ్లకూ పనికొచ్చేది, సగం ఆ ఊరిదే. అక్షరం ఎంత ఉండాలంటే చేయి చాచినంత దూరం నుంచి, కళ్లద్దాలు మర్చిపోయి వచ్చిన మనిషికి కనపడాలి. అలా రాస్తే ఒక చార్టులో 250 మాటలు కూడా పట్టవు. నేను డెస్కులో నేర్చుకున్నదానికన్నా ఎక్కువ ఎడిటింగ్ ఈ పిల్లలు ఆ చార్టు దగ్గర నేర్చుకున్నారు. "ఈ సందర్భంగా ఆయన మాట్లాడుతూ" అనే మాటకు అక్కడ చోటే లేదు.

చదవలేని వాళ్ల కోసం అదే చార్టును మూడు నిమిషాల వాయిస్ మెసేజ్‌గా చదివి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లు. మొదటి రెండు సంచికలూ టీవీ యాంకర్ గొంతుతో చదివారు. ఒత్తులు పలుకుతున్నారు గానీ ఎవరూ పూర్తిగా వినలేదు. ఉత్తరప్రదేశ్ బుందేల్‌ఖండ్‌లో గ్రామీణ మహిళలు 2002లో మొదలుపెట్టిన ఖబర్ లహరియా పత్రికను వాళ్ల బుందేలీ మాటలోనే తెచ్చారని చెప్పాక, మూడోసారి మా వాళ్లు "మన ట్యాంకు కాడ" అని మొదలెట్టారు. ఒక ఊళ్లో పెద్దాయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ మళ్లీ విన్నాడని విన్నాను. వార్త కోసం కాదట, "ఇది నా మనవరాలు గొంతే గదా" అని తేల్చుకోవడానికి.

డబ్బుల సంగతి త్వరగా ముగిస్తాను. తలా నెలకు 50 రూపాయలు. చార్టులు, పెన్నులు, టేపు, అప్పుడప్పుడూ బస్సు చార్జీ. ప్రతి సంచిక కింద మూల జమా ఖర్చు రాసేవాళ్లు. మూడో నెలలో ఒక స్థానిక నాయకుడు పుట్టినరోజు శుభాకాంక్షలు వేస్తే 10 వేలు ఇస్తానన్నాడు, ఫొటో ప్రింటు ఖర్చు కూడా ఆయనదే. తొమ్మిది మందిలో నలుగురు తీసుకుందామన్నారు. వాళ్లను తప్పు పట్టలేం, ఆ డబ్బుతో ఏడాది నడుస్తుంది. ఆ రాత్రి హాస్టల్‌లో గొడవ. చివరికి ఒకడు అన్నాడట, "సరే, తీసుకుందాం. జమా ఖర్చులో ఆయన పేరు రాస్తాం గదా?" అని. నాయకుడిని అడిగితే పేరు వద్దన్నాడు. ఫొటో ఉండాలి, డబ్బు ఇచ్చినట్టు ఉండకూడదు. విషయం అక్కడితో తేలిపోయింది.

ట్యాంకు కడగలేదు, తేదీ మారింది

ఈ కేసులో అసలు చెప్పుకోవాల్సింది 2023 జనవరి సంచిక.

ఊళ్లలో ఓవర్‌హెడ్ ట్యాంకు స్తంభం మీద ఒక పట్టీ రాసి ఉంటుంది: శుభ్రపరచిన తేదీ, మళ్లీ శుభ్రపరచవలసిన తేదీ. బీఏ అమ్మాయి ఇల్లు ఆ ట్యాంకు పక్కనే. సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు తేదీ దగ్గర రంగు పచ్చిగా మెరుస్తోంది. పాత అంకెల మీద తెల్లరంగు కొట్టి కొత్తవి వేశారు. వాళ్లమ్మను అడిగింది. ట్యాంకు కడిగిన రోజు మధ్యాహ్నం దాకా నీళ్లు రావు, ముందు రోజు రాత్రే బిందెలు నింపి పెట్టుకుంటాం, ఈ నెల అట్లా పెట్టుకున్నది లేదే అందామె. ఈ పిల్ల అక్కడితో ఆగలేదు. పద్నాలుగు ఇళ్లు తిరిగి, ఆ తేదీన నీళ్లు ఎప్పుడు వచ్చాయి అని అడిగి రాసుకుంది. పద్నాలుగు ఇళ్లలోనూ మామూలు టైముకే వచ్చాయి.

"ట్యాంకు కడగలేదు, తేదీ మారింది." ఆ హెడ్డింగు ఆమే పెట్టింది. చార్టు ఫొటో నాకు పంపింది. చదివాను. బాగుంది, అంటించెయ్ అన్నాను. నా డెస్కు రోజుల్లో ఇంత గట్టి ఐటెమ్ ఏ మండలం నుంచీ రాలేదని గర్వపడ్డాను కూడా.

మూడో వాక్యం నేను సరిగా చూడలేదు. "పంపు నడిపే మనిషి రంగు డబ్బా తెచ్చి తేదీ మార్చిపోయినాడు" అని ఉంది. ఎవరో ఇద్దరు చూశారని చెప్పారట. పేరు రాయలేదు కాబట్టి ఇబ్బంది లేదనుకుంది. నేనూ అనుకున్నాను. ఆ ఊళ్లో పంపు నడిపేది ఒక్కడే. ఊళ్లో పేరు రాయకపోవడమంటే పేరు దాచడం కాదు, వేలెత్తి చూపించి పేరు పలకకపోవడం, అంతే.

నాలుగో రోజు ఆయన భార్య వచ్చి అమ్మాయి వాళ్ల ఇంటి ముందు నిలబడింది. "మా ఆయన్ని గోడకెక్కించినావు గదా పాపా. ఎనిమిది నెల్లుగా జీతం ఇయ్యలేదు, అది రాసినావా? ఆయన్ని ఒక్క మాట అడిగినావా?" వీధి వీధంతా బయటికొచ్చింది. అమ్మాయి వాళ్ల నాన్న ఆ సాయంత్రమే చార్టు చింపేశాడు. రాత్రి నాకు ఫోన్ వచ్చింది. ఏడుపు తప్ప మాట లేదు.

తర్వాతి ఆదివారం నా స్కూటర్ మీద ఇద్దరం వెళ్లాం. ఆయన పంపు షెడ్డులో స్టార్టర్ డబ్బా ముందు గొంతుకు కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. "రాసేది రాసేసిరి గదా సార్. ఇంగేం అడుగుతారు?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. తప్పు నాది సార్, ఐటెమ్ చూసింది నేనే అన్నాను. చాలాసేపు మోటారు చప్పుడు తప్ప ఏమీ లేదు. మోటారు ఆపాక ఆయనే లేచి, "రాండి" అని ట్యాంకు కిందికి తీసుకెళ్లి నిచ్చెన చూపించాడు.

ఇనుప నిచ్చెన. మనిషి ఎత్తు దాటాక రెండు మెట్లు లేవు. తుప్పు పట్టి ఊడిపోయిన చోట మొనలు మిగిలాయి. ఆయనకు యాభై దాటాయి. పైకి ఎక్కితే కింద పట్టుకునే మనిషిని పంచాయతీ ఇవ్వదు. బ్లీచింగ్ పౌడర్ వచ్చి ఎన్నాళ్లయిందో ఆయనకు గుర్తు లేదు. మండలం నుంచి ఎవరో చూడ్డానికి వస్తున్నారు, తేదీ మార్చు అని చెప్పారు. మార్చాడు. రంగు డబ్బా కూడా వాళ్లే ఇచ్చారు. "మార్చకపోతే ఈ పని గూడ ఉండదు సార్."

అమ్మాయి తలెత్తి ఆ నిచ్చెన వంక చూస్తూ ఉండిపోయింది. పంతొమ్మిదేళ్లుగా ఆ ట్యాంకు నీడలోనే పెరిగింది. ఒక్కసారి కూడా నిచ్చెన చూడలేదు. పద్నాలుగు ఇళ్లు తిరిగింది గానీ పదిహేనో ఇంటికి, అంటే ఆయన ఇంటికి, వెళ్లలేదు.

సవరణ ఎలా వేయాలో చర్చ జరిగింది. దినపత్రికల్లో సవరణ అంటే లోపలి పేజీలో అగ్గిపెట్టంత బాక్సు, అదీ ఎవరూ చూడకూడదనే ఆశతో. మేం అదే గోడకు, అదే సైజు అక్షరాలతో, చార్టు పైభాగంలో రాశాం. మేం తప్పు రాశాం, పంపు నడిపే ఆయనను అడగకుండా రాశాం, అడిగాక తెలిసింది ఇది అని. కింద నిచ్చెన బొమ్మ, లేని రెండు మెట్ల చోట ఎర్ర పెన్నుతో సున్నాలు. అంటించే ముందు ఆ చార్టును ఆయన ముందు, ఆయన భార్య ముందు చదివి వినిపించాం. ఆయన ఒక్క దిద్దుబాటు చెప్పాడు. ఎనిమిది నెలలు కాదు, ఏడున్నర.

వినిపించి అంటించడం అనే పద్ధతి మా సొంత తెలివి కాదు. దేశంలో ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. తర్వాత వచ్చిన సామాజిక తనిఖీలు మా ఊళ్లవాళ్లకు బాగా అలవాటు. తనిఖీ బృందం ఇల్లిల్లూ తిరిగి, మస్టర్‌లో, అంటే పని హాజరు పట్టీలో, నీ పేరుకు ఇన్ని రోజులు రాశారు, నిజంగా చేశావా అని అడుగుతుంది. ఆ లెక్కలు ఊళ్లో పదిమంది ముందు చదువుతుంది. కాగితంలో ఉన్నది మనిషి ముందు చదివితే ఎంత తేడా వస్తుందో ఆ ఊళ్లకు మాకంటే ముందే తెలుసు. జనవరి తర్వాత మా ఏకైక కట్టుబాటు అదే అయింది: ఎవరి గురించి రాశామో వాళ్లకు చదివి వినిపించనిదే గోడకెక్కదు. వాళ్లు ఒప్పుకోవాలని కాదు. వినాలి, వాళ్ల మాట అందులో ఉండాలి. దీనివల్ల సంచికలు ఆలస్యమయ్యాయి, రెండు వార్తలు ఆగిపోయాయి. ఆగిపోవాల్సినవే.

పది రూపాయలు కూడా అక్కర్లేని దరఖాస్తు

ట్యాంకు సంగతి అక్కడితో వదల్లేదు. సమాచార హక్కు దరఖాస్తు వేశాం. చాలామందికి తెలియని విషయం ఒకటి చెప్తాను. ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. ఎందుకు అడుగుతున్నావో కారణం చెప్పక్కర్లేదు. మూడే అడిగాం: ఏడాదిలో ట్యాంకు శుభ్రం చేసిన రికార్డు, బ్లీచింగ్ పౌడర్ కొన్న బిల్లుల నకళ్లు, పంపు నడిపే మనిషికి జీతం చెల్లించిన తేదీలు. "ఎందుకు కడగలేదు?" అని పిల్లలు రాసుకొచ్చారు, అది కొట్టేయించాను. సమాచార హక్కు కింద కాగితం అడగాలి గానీ సంజాయిషీ అడిగితే, అలాంటి సమాచారం మా దగ్గర లేదని రాసి పంపిస్తారు.

దరఖాస్తు నా పేరుతో వేశాను. పిల్లల పేరుతో వేస్తే రెండో రోజుకల్లా వాళ్ల నాన్నకు ఎవరో ఒకరు టీ తాగిస్తూ మాట చెప్పేవాళ్లు. ఇది పిరికితనమా అని ఒక అబ్బాయి అడిగాడు. కావచ్చు. ఆ ఇంటివాళ్లు అదే ఊళ్లో కాపురం ఉండాలి, నేను సాయంత్రానికి అనంతపురం తిరిగి వచ్చేస్తాను.

30 రోజుల గడువు దాటిపోయింది. మొదటి అప్పీలు పెట్టాను. విచిత్రమేమిటంటే, జవాబు రాకముందే నిచ్చెనకు రెండు కొత్త మెట్లు వెల్డింగు అయ్యాయి. అడిగామన్న కబురే పని చేసింది. 52వ రోజున రెండు కాగితాలు ఇస్తూ నకళ్లకు 4 రూపాయలు కట్టమన్నారు. గడువు దాటాక ఇచ్చే సమాచారానికి డబ్బు తీసుకోకూడదని చట్టం 7(6)లో ఉంది, చూపించాను. 4 రూపాయల కోసం కాదు, పక్కన నిలబడ్డ అబ్బాయి ఆ సెక్షన్ ఎప్పటికీ మర్చిపోకూడదని. కాగితాల్లో ఏడాదికి ఒకే ఒక్క బ్లీచింగ్ పౌడర్ బిల్లు ఉంది. అది గోడకెక్కింది. ఈసారి పంచాయతీ వాళ్లకు కూడా ముందే చదివి వినిపించాం. నిధులు ఎందుకు ఆగాయో వాళ్లు చెప్పింది కూడా రాశాం. మూడు నెలల జీతం ఆ తర్వాత వచ్చింది. మా వల్లే వచ్చిందని నేను చెప్పను.

రాయని వార్త గురించి కూడా చెప్పాలి. ఒక ఊళ్లో తొమ్మిదో తరగతి అమ్మాయికి పెళ్లి కుదిర్చారు. మా వాళ్లకు అందరికంటే ముందు తెలిసింది, ఎందుకంటే లగ్నపత్రిక డిజైన్ చేసింది వాళ్ల స్నేహితుడే. రాద్దామన్నారు. పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతుంది, పైగా పాలకేంద్రం గోడ మీద ఏ గుర్తూ లేకుండా రాయడం కుదరదని జనవరిలోనే తెలిసింది. పిల్లల సహాయం కోసం ఉన్న 1098 నంబరుకు ఫోన్ చేశాం. తర్వాతి సంచికలో ఆడపిల్లకు 18 అన్న చట్టం గురించి రెండు లైన్లు కూడా వేయలేదు, వేస్తే ఊరు ముడిపెట్టేస్తుంది. పత్రికగా ఆ పదిహేను రోజులు మా దగ్గర ఏమీ లేదు. ఆ చార్టులో సగం ఉల్లి ధరలే.

వెళ్లిపోయే వాళ్ల పత్రిక

విద్యార్థుల పత్రికకు పుట్టుకతోనే ఒక జబ్బు ఉంటుంది. ఎడిటర్లు పాసైపోతారు. మూడేళ్ల డిగ్రీలో మొదటి ఏడాది తెలియక పోతుంది, మూడో ఏడాది ఒక సెమిస్టరంతా ఇంటర్న్‌షిప్. గట్టిగా చూస్తే ఏడాదిన్నర. 2023 చివరికి తొమ్మిది మందిలో ఐదుగురు బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో తేలారు. ఒకడు ఫుడ్ డెలివరీ చేస్తూ కోడింగ్ కోర్సు నేర్చుకుంటున్నాడు.

జూనియర్లు ఉత్సాహంగానే వచ్చారు. కానీ వాళ్ల ఊళ్లు వేరు. ఆ ఐదు పాలకేంద్రాల్లో వాళ్లను ఎవరూ ఎరగరు. సీనియర్ల ఊళ్లకు వెళ్లి రాయమంటే రెండుసార్లు వెళ్లారు, మూడోసారి ఫోన్లో అడిగి రాశారు. నాకు జనవరి గుర్తొచ్చింది, ఆపేయమన్నాను.

2024లో ముద్రించి తెద్దామన్న ఆలోచన మళ్లీ లేచింది. 1867 నాటి పాత చట్టం పోయి, 2023లో చేసిన కొత్త ప్రెస్ చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, ప్రెస్ సేవా పోర్టల్ ద్వారా. పని తేలికైంది నిజమే. ఫారం దగ్గర కూర్చున్నాం, యజమాని అన్న గడి దగ్గర ఆగిపోయాం. ఎవరి పేరు? పాసై వెళ్లిపోయేవాడి పేరా? కాలేజీ పేరా? కాలేజీ పేరు పెడితే మేనేజ్‌మెంటు మీద ఒక్క వాక్యం రాయలేం, పైగా మేనేజ్‌మెంటు అప్పటికే ఒకసారి "ఈ గోడల గోల ఎందుకు సార్, ప్లేస్‌మెంట్ల మీద దృష్టి పెట్టించండి" అని నాకు నవ్వుతూ చెప్పింది. నా పేరా? నేను గెస్ట్ లెక్చరర్‌ని, వచ్చే ఏడాది నాకు క్లాసులు ఉంటాయో లేదో నాకే తెలియదు. ల్యాప్‌టాప్ మూసేశాం.

ఇక్కడ నేను చేసిన తప్పు ఇప్పుడు కనపడుతోంది. మొదటి ఏడాదిలోనే ప్రతి గోడకూ ఊళ్లో ఉండిపోయే మనిషిని ఒకరిని చేర్చుకుని ఉండాల్సింది. నేను విద్యార్థుల పత్రిక అనుకున్నాను, కాలేజీ గేటు లోపలి నుంచే చూశాను. ఊరివాళ్లను వార్త చెప్పేవాళ్లుగా, చదివేవాళ్లుగా చూశానే గానీ, రాసేవాళ్లుగా చూడటానికి నాకు రెండేళ్లు పట్టింది. ఒక ఊళ్లో పొదుపు సంఘం పుస్తకాలు రాసే ఆమె చేతిరాత మా పిల్లలందరి కంటే గుండ్రంగా ఉంటుంది. ఆమెను చివరి మూడు నెలల్లో అడిగాం. "ముందే అడగొచ్చు గదా సార్" అంది. మరో ఊళ్లో ఇంటర్ ఆపేసి పాలకేంద్రంలోనే పాలు కొలిచే కుర్రాడు ఒప్పుకున్నాడు. మిగతా మూడు ఊళ్లలో ఎవరూ దొరకలేదు. ఆ మూడు గోడల మీద ఇప్పుడు టేపు మరకలు ఉన్నాయి.

మిగిలిన రెండు గోడలు నడుస్తున్నాయి. పదిహేను రోజులకోసారి అని లేదు, రాయాల్సింది ఉన్నప్పుడు. వాయిస్ మెసేజ్ ఆగిపోయింది. బ్లీచింగ్ పౌడర్ బిల్లు లాంటి వార్తలు ఇప్పుడు రావడం లేదు, దరఖాస్తు రాసిపెట్టే మనిషి లేక. కాన్పు అయిన గేదెలు, చీటీ పాట, బడికి టీచరు రాని రోజులు, ఎవరి బోరు ఎన్ని అడుగుల దగ్గర తడి తగిలింది, ఇవి ఉంటాయి. ఇది పత్రికేనా అని నా పాత డెస్కు మిత్రుడొకడు అడిగాడు. వాడికి నేను ఫొటో పంపాను, సమాధానం పంపలేదు.

పోయిన ఎండాకాలం ట్యాంకు ఉన్న ఊరికి వెళ్లాను. పాలు కొలిచే కుర్రాడు గోడ చూపించాడు. చార్టులో ఒక మూల "నీళ్లు ఎప్పుడు" అని చిన్న గడి గీసి ఉంది, అందులో రేపటి టైము, ఎల్లుండి టైము. క్యాను పట్టుకుని వచ్చిన ప్రతి మనిషీ ముందు అదే చూస్తున్నారు. టైము ఎవరు చెప్తారు అని అడిగితే, పంపు నడిపే ఆయనే అన్నాడు. రోజూ సాయంత్రం మోటారు ఆపి ఇటు వచ్చి, ఫలానా టైమని చెప్పి పోతాడు. కరెంటు కోత ఉంటే అదీ చెప్తాడు. ఆ అమ్మాయి వాళ్ల ఇంటివాళ్లతో మాత్రం ఆయన ఇప్పటికీ మాట్లాడడు. ఆ ఇల్లు దాటేటప్పుడు అవతలి వైపు నుంచి నడుస్తాడట.